కట్లక్క కట్టిన కట్టు

ఆ ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారి పేరు తెలియనివాళ్ళు ఉండొచ్చు గానీ, కట్లక్క తెలియనివాళ్ళు ఉండరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆవిడకీ ఒకటుంది. హాజరు పట్టీలో తప్ప అది ఎక్కడా పనికిరాలేదు. ఇరవై ఆరేళ్ళుగా కింది అంతస్తులో, మెట్ల పక్కన, రెండు కిటికీల గదిలో దెబ్బలకు కట్లు కడుతోంది కాబట్టి కట్లక్క. తనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళకి కూడా అక్కే.

ఆవిడ చేతి కట్టు చూస్తే దెబ్బ తగిలించుకున్నా పర్వాలేదనిపిస్తుందని వార్డుల్లో సరదాగా అనేవారు. ఒక్క ముడత ఉండదు. ముడి ఎప్పుడూ గాయం మీదికి రాదు. వేలికి కట్టిందంటే చివర టోపీలా మూసేసి, మణికట్టు దాకా పట్టీ లాగి, ఎక్కడ మొదలైందో ఎక్కడ పూర్తయిందో తెలియకుండా చేస్తుంది. మిగతా నర్సులు వేలి కొస బయటికి వదిలేస్తారు, రంగు చూసుకోవడానికి. కట్లక్కకి అది నచ్చదు. "సగం చొక్కా తొడుక్కుని వీధిలోకి వెళ్తామా?" అనేది. ఈ పొగడ్తలు విని విని ఆవిడకి కొంచెం తలకెక్కిన మాట నిజం. ఎవరికి ఎక్కదు చెప్పండి?

నోరు మాత్రం పెద్దది. కట్టు తడిపి తెచ్చినవాడికీ, చెప్పిన రోజున రానివాడికీ చీవాట్లు తప్పేవి కావు. ఆ చీవాట్లు వినడానికే వచ్చినట్టు నవ్వుతూ కూర్చునేవాళ్ళు కొందరు. తిట్టకుండా కట్టు కడితే, ఇవాళ అక్కకి ఒంట్లో బాగాలేదేమోనని వాళ్ళే కంగారుపడేవారు.

వేలు తెగినవాళ్ళకి కుట్లు వెయ్యాలంటే ముందు రక్తం ఆపాలి. దానికి ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. రబ్బరు గ్లవ్ వేలు ఒకటి కత్తిరించి, రోగి వేలికి తొడిగి, కొస చిన్నగా కోసి, దాన్ని కిందికి చుడుతూ పోవాలి. చుట్టుకుంటూ చుట్టుకుంటూ వేలి మొదట్లో గట్టి ఉంగరంలా బిగుసుకుంటుంది. లోపలున్న రక్తం వెనక్కి పోతుంది, కొత్తది రాదు. వేలు మైనపు ముద్దలా తెల్లబడుతుంది. డాక్టరు నింపాదిగా కుట్లు వేసుకోవచ్చు. పని కాగానే ఉంగరం కోసి పారెయ్యాలి.

మర్చిపోకుండా ఉండడానికి ఆ రబ్బరుకి పట్టకారులాంటి స్టీలు చిమటా ఒకటి తగిలించాలని గోడ మీద కాగితం అంటించి ఉంది. చిమటా వేలాడుతుంటే దాని మీద కట్టు కట్టలేం కదా, అదీ కిటుకు. కట్లక్క ఆ కాగితాన్ని పట్టించుకోలేదు. చిమటా డాక్టరు చేతికి అడ్డం వస్తుంది. పైగా ఆవిడకి తనదైన గుర్తు ఒకటి ఉంది. రబ్బరు చుట్టగానే రోగితో గట్టిగా "ఉంగరం పెట్టాను" అంటుంది. కోయగానే "ఉంగరం తీశాను" అంటుంది. మొదటి మాట అన్నాక రెండోది అననిదే ఆవిడకి నోరు ఊరుకోదు. ఇరవై ఆరేళ్ళు ఆ నోటినే నమ్ముకుంది.

ఆ రోజు ఉదయం పదకొండింటికి వచ్చినవాడు బయటివాడు కాదు, సొంత మరిది. ఆవిడ కాపురానికి వచ్చేసరికి వాడికి పద్నాలుగేళ్ళు. ఇప్పుడు నలభై దాటాయి, ఇంట్లో ఇప్పటికీ చిన్నోడే. కుర్చీలు చేసే మేస్త్రీ. నున్నటి కుర్చీ చేతుల మీద ఎడమ చూపుడువేలు అలా పోనిచ్చి, కంటికి ఆనని ఎగుడుదిగుళ్ళు కూడా పట్టేస్తాడు. అదే వేలు ఉలి జారి అడ్డంగా తెగింది. గుడ్డ చుట్టుకుని, మొహం పాలిపోయి వచ్చి, బల్ల మీద కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"వదినా, నీ చేతిలో పడ్డాను. వేలు ఉంచుతావా, ఊడగొడతావా?"

"నీ నాలుక తెగి ఉంటే ఇంటిల్లిపాదీ సుఖపడేవాళ్ళం. వేలు తెగిందేంట్రా?"

వదినామరుదుల మధ్య మాటలు మొదలైతే ఇక ఆగవు. మత్తు ఇంజెక్షన్ ఇస్తుంటే వాడు కేక పెట్టాడు. మీ అన్నయ్య పన్ను పీకించుకున్నప్పుడు కూడా ఇలాగే ఊరంతా లేపాడని ఆవిడ అంది. గ్లవ్ వేలు కోసి తొడిగి చుట్టింది. "ఉంగరం పెట్టాను" అనబోతుంటే, "నా పెళ్ళిలో నువ్వు పెడతానన్న ఉంగరం ఇదేనా?" అని వాడు అందుకున్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. మాట నోట్లోనే ఉండిపోయింది.

చిన్న డాక్టరు ఐదు కుట్లు వేశాడు. అంతలో బయట ఎవరినో స్ట్రెచర్ మీద తెచ్చారని పిలుపు వస్తే, "మిగతాది మీరు చూసుకోండక్కా" అని పరుగెత్తాడు. కట్లక్క తుడిచి, మందు రాసి, కట్టు కట్టింది. రంపప్పొట్టు లోపలికి పోకుండా మరీ శ్రద్ధగా, కొస మూసి, మణికట్టు దాకా కట్టింది. సొంత మనిషి కదా అని రెండు చుట్లు ఎక్కువే వేసింది. "మూడు రోజుల దాకా దీని జోలికి వెళ్ళావంటే నీకూ నాకూ చుట్టరికం లేదు" అని పంపించింది.

సాయంత్రం ఐదింటికి మరిది ఫోన్ చేశాడు.

"వదినా, వేలు పేలిపోతోంది. గుండె అక్కడే కొట్టుకుంటున్నట్టుంది."

"మత్తు దిగుతోంది. కుట్లు పడ్డాక నొప్పెయ్యదా మరి?"

"ఇది మామూలుగా లేదు వదినా."

"ఇద్దరు పిల్లల్ని కన్నదాన్నిరా. నా ముందు నొప్పి గురించి చెప్తున్నావా? మాత్ర వేసుకుని పడుకో."

వాడు నవ్వడానికి ప్రయత్నించి ఫోన్ పెట్టేశాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ, వీడు చిన్నప్పటినుంచీ ఇంతే, ముల్లు గుచ్చుకున్నా మంచమెక్కుతాడు అనుకుని ఊరుకుంది.

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకి శిక్షణ కోసం వచ్చిన ఆరుగురు అమ్మాయిలకి పాఠం. రక్తం ఆపే బిగింపుల గురించి. టూర్నికే అని డాక్టర్లు నోరు తిరిగేలా అంటారు, కట్లక్కకి అది బిగింపే. కాగితం చూడకుండా చెప్పగలదు.

"రోడ్డు మీద కాలు తెగి రక్తం చిమ్ముతున్నవాడికి దేవుడు ఎక్కడో లేడు, ఈ పట్టీలో ఉన్నాడు. గాయానికి పైన బిగించాలి. సిగ్గుపడుతూ వదులుగా కట్టారో, అసలు కట్టకపోవడమే నయం. రక్తం లోపలికి వస్తుంది, వెనక్కి పోలేక ఇంకా ఎక్కువ కారుతుంది. కట్టిన టైము వెంటనే రాయాలి. చేతి మీద రాస్తారో, నుదుటి మీద రాస్తారో మీ ఇష్టం. రెండు గంటలు దాటితే లోపల కండ చావడం మొదలవుతుంది. ప్రాణం కాపాడేదీ ఇదే, విప్పడం మర్చిపోతే కాలు తినేసేదీ ఇదే."

అమ్మాయిలు రాసుకుంటున్నారు. ముందు వరసలో పిల్ల చెయ్యి చాపితే, ఆమె ఉంగరపు వేలికి గ్లవ్ ముక్క తొడిగి చుట్టి చూపించింది. వేలు తెల్లబడింది.

"దీనికి ఎంతసేపు అక్కా?"

"ఇరవై నిమిషాలు. మహా అయితే అరగంట."

"తీశామో లేదో ఎలా తెలుస్తుందక్కా? ఈ కొత్త గ్లవ్స్ చర్మం రంగులోనే ఉన్నాయి. సరిగ్గా కనపడట్లేదు."

"కొయ్యగానే ఈ తెల్లటి వేలు గులాబీ రంగులోకి తిరుగుతుంది. అది కళ్ళారా చూడాలి. ఆ రంగు చూడకుండా కట్టు కట్టారంటే..."

అక్కడ ఆగింది.

అమ్మాయిలు కలాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.  కట్లక్క నిన్న మరిది వేలు గులాబీ రంగులోకి తిరగడం గుర్తు తెచ్చుకోబోయింది. దొరకలేదు. డాక్టరు ఐదో కుట్టు కత్తిరించడం గుర్తుంది. మరిది అన్న ప్రతి మాటా, తను ఇచ్చిన ప్రతి జవాబూ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. తుడిచింది, మందు రాసింది, కట్టు చుట్టింది. ఆ మధ్యలో కత్తెర లేదు. రంగు లేదు. "ఉంగరం తీశాను" అన్న మాట లేదు.

  ఆవిడ గోడగడియారం చూసి, నిన్న పదకొండు నుంచి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆరు దాకా లెక్కపెట్టాక ఇక లెక్కపెట్టలేకపోయింది. ఒక్క ఉదుటున తలుపువైపు కదిలింది.

"అక్కా, నా వేలు!" అని వెనకనుంచి ఆ పిల్ల అరిచింది.

కట్లక్క ఆగింది. ఇంకో నిమిషంలో ఇదే గదిలో, ఇదే పాఠంలో, రెండోసారి అదే పని చేసి ఉండేది. వెనక్కి వచ్చి రబ్బరు కోసింది. ఆ పిల్ల వేలు మొదటినుంచి కొస దాకా గులాబీ రంగులోకి తిరిగింది. కట్లక్క రెప్ప వెయ్యకుండా చూసింది. ఇది నిన్న తను చూడలేదు. ఇక అనుమానం లేదు.

వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది. మరిదే ఎత్తాడు, హుషారుగా ఉన్నాడు.

"నొప్పి మొత్తం పోయింది వదినా! సాయంత్రం చచ్చిపోతాననుకున్నా. పొద్దున లేచేసరికి అసలు వేలు ఉందో లేదో తెలియనంత హాయిగా ఉంది. నువ్వు చెప్పిన మాత్ర అమృతం."

అంతకంటే భయంకరమైన మాట ఆవిడ తన జీవితంలో వినలేదు. గోడకి ఆనుకుంది.

"ఒరేయ్, మీ ఆవిడకి ఫోనివ్వు."

"ఎందుకూ? నా మీద చాడీలు..."

"ఇవ్వరా!"

తోడికోడలు ఫోన్ తీసుకుంది. మెత్తటి మనిషి, వీధి చివర బడిలో గుమాస్తా, ఆ రోజు మొగుడి కోసమని సెలవు పెట్టింది.

"చెల్లీ, కత్తెర తీసుకో. కట్టు మొత్తం కోసెయ్. వేలి మొదట్లో రబ్బరు ఉంగరంలా ఉంటుంది. దాన్ని కోసెయ్. నెమ్మదిగా, కానీ ఇప్పుడే."

"నిన్న సాయంత్రమే కోస్తానన్నానక్కా. కత్తెర కూడా తెచ్చాను. ఈయన ముట్టుకోనివ్వలేదు. వదినకి తెలియంది నీకు తెలుసా అని కసిరారు."

"ఇప్పుడు కొయ్యమ్మా."

ఫోను పక్కన పెట్టిన చప్పుడు. మరిది ఏదో అంటున్నాడు. కత్తెర చప్పుడు చాలాసేపు వినిపించింది. అది తను రెండు చుట్లు ఎక్కువ వేసిన కట్టు. వరండాలో ఎవరో పలకరిస్తూ పోయారు, ఆవిడకి వినపడలేదు. తర్వాత కత్తెర ఆగింది. మరిది మాటలు కూడా ఆగాయి.

"అక్కా..."

"రబ్బరు కోశావా?"

"కోశాను."

"రంగు మారిందా?"

"నల్లగా ఉందక్కా."

"కాసేపు చూడు. ఇప్పుడు?"

"నల్లగానే ఉంది. ఇదేంటక్కా, వేలు ఇలా ఉందేంటి?"

అరగంటలో ఇద్దరూ వచ్చేశారు. చిన్న డాక్టరు పరీక్షించాడు. సూదితో కొస మీద గుచ్చాడు. చుక్క రక్తం రాలేదు. గుచ్చిన సంగతి మరిదికి తెలియలేదు, ఎప్పుడు గుచ్చుతారా అన్నట్టు ఇంకా ఎదురుచూస్తున్నాడు.  డాక్టరు కట్లక్కని పక్కగదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"వేలు తీసెయ్యాలి అక్కా. ఇవాళే. మొదలంటా."

"తెలుసు బాబూ."

"ఇన్ఫెక్షన్ అని చెప్దాం. ఉలికి తుప్పు ఉంది, లోపలికి పాకింది అని రాద్దాం. నేనూ చూసుకోకుండా వెళ్ళిపోయాను కదా, ఇద్దరి మెడకీ చుట్టుకుంటుంది. వాళ్ళు మీవాళ్ళే. మీరు చెప్తే ఇంకేం అడగరు."

చివరి మాట కట్లక్కకి చెంపదెబ్బలా తగిలింది. అడగరు, నిజమే. నిన్నా అడగలేదు. ఏమీ అడగకుండా ఆవిడ కట్టిన కట్టుని నమ్మి, పంటి బిగువున ఓర్చుకుని, పెళ్ళాం చేతిలోంచి కత్తెర లాక్కుని పడుకున్నాడు వాడు.  కట్లక్క తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

మరిది నిన్నటి బల్ల మీదే కూర్చున్నాడు. తోడికోడలు చేతిసంచిలోంచి చిన్న కాగితం పొట్లం తీసింది. "కోసిన రబ్బరు తెచ్చానక్కా, మళ్ళీ పనికొస్తుందేమోనని" అంది. వైద్యంలో అదీ ఒక భాగమే అనుకుంటున్నారు ఇద్దరూ. కట్లక్క పొట్లం అందుకుంది గానీ విప్పలేకపోయింది.

"ఇన్ఫెక్షనా వదినా?" అన్నాడు మరిది. "ఉలి నిన్ననే సాన పెట్టాను, శుభ్రంగానే ఉంది."

"ఇన్ఫెక్షన్ కాదు."  "ఉలిది తప్పు కాదు, నీది కాదు. ఈ రబ్బరు నేనే పెట్టాను. కుట్లు అవ్వగానే తీసెయ్యాలి. మర్చిపోయాను. తీయకుండా దాని మీద కట్టు కట్టేశాను. రక్తం అందక వేలు చచ్చిపోయింది. తీసెయ్యాలిరా. మొత్తం."

 మరిది తన చేతిని ఎవరి చేతినో చూసినట్టు చూసుకున్నాడు.   తోడికోడలు నేల మీదే కూలబడి, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

"సాయంత్రం ఫోన్ చేశాను కదా" అన్నాడు మరిది.

"చేశావు."

"అప్పుడు విప్పి ఉంటే?"

అబద్ధం చెప్పడానికి అక్కడ చోటుంది. ఏమో, చెప్పలేం అని ఒక్క మాట అంటే చాలు. ఆవిడకి ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"దక్కేదేమోరా. చాలా మటుకు దక్కేది. నేనే నవ్వి ఊరుకున్నాను."

మరిది తల ఊపాడు. కోప్పడతాడేమో, చెయ్యి చేసుకున్నా బాగుండుననుకుంది ఆవిడ.  కాగితాలు తెచ్చారు, ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కుడిచేత్తో సంతకం పెట్టాడు. పెడుతుంటే కాగితం జారిపోయింది. అలవాటు చొప్పున ఆ నల్లటి వేలితోనే నొక్కిపట్టాడు. కట్లక్క చూడలేక మొహం తిప్పుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది. ఇక్కడ ఏడ్చే హక్కు తనకి లేదని మింగేసింది.

పైకి తీసుకెళ్ళడానికి తోపుడు కుర్చీ వచ్చింది. ఆవిడే తోసింది, లిఫ్టు దాకా. అక్కడ ఆగినప్పుడు ఉండబట్టలేక అనేసింది.

"ఇరవై ఆరేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదురా. ఒక్కసారి కూడా. మొట్టమొదటిసారి నీకే జరగాలా?"

మరిది తల వెనక్కి తిప్పి చూశాడు. వాడి కళ్ళలో వెటకారం లేదు, కోపం లేదు. కుర్చీ కాలు ఎందుకు ఊగుతోందో కనుక్కుంటున్నవాడిలా నిదానంగా అడిగాడు.

"ఎలా తెలుసు వదినా? నువ్వు కట్టినవాళ్ళందరూ మళ్ళీ వచ్చి చూపించారా?"

లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. కట్లక్క కుర్చీ తొయ్యలేదు.

నాలుగేళ్ళ కిందట ఒకాయన వచ్చాడు. గోడలకి సున్నం వేసే మనిషి, పని దొరికిన చోటికల్లా తిరుగుతుంటాడు. వేలు తెగితే ఈ గదిలోనే కుట్లు పడ్డాయి, ఆవిడే కట్టు కట్టింది. రెండు వారాల తర్వాత చెయ్యి గుడ్డలో పెట్టుకుని వచ్చాడు. దూరాన వేరే ఆసుపత్రిలో వేలు తీసేశారట. కట్టు బిగుసుకుపోవడం వల్లేనని అక్కడివాళ్ళు అన్నారట. ఆ మాట చెప్పడానికి వచ్చాడు, గట్టిగా కూడా చెప్పలేదు. కట్లక్క ఒంటికాలి మీద లేచింది. సున్నంలో చేతులు పెట్టి, కట్టు తడిపి, అది ఎండి బిగుసుకుంటే నన్నంటావా అని నలుగురిలో దులిపేసింది. ఆయన తల వంచుకుని, తప్పు తనదేనమ్మా అని వెళ్ళిపోయాడు.

తప్పు తనదేననుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో, ఏ గోడకి సున్నం వేస్తున్నాడో. ఆ రోజూ రబ్బరు మర్చిపోయిందో లేదో ఆవిడకి తెలియదు. అడగలేదు, వినలేదు కాబట్టి ఇక ఎప్పటికీ తెలియదు.

"ఒకాయన వచ్చాడురా" అంది.  "నేను తిట్టి పంపించేశాను."

తోడికోడలు లిఫ్టు తలుపు చేత్తో ఆపి పట్టుకుంది.

"ఏ వేలు పోయింది వదినా ఆయనకి?" అన్నాడు మరిది.

తను తిట్టిన ప్రతి మాటా కట్లక్కకి గుర్తుంది. ఎవరెవరు నవ్వారో కూడా గుర్తుంది. ఏ వేలో మాత్రం గుర్తు లేదు. ఆయన చెయ్యి చాపాడు గానీ, ఆవిడ చూడలేదు.